బ్రేకు మీద కాలు

నిన్న పొద్దున నాంపల్లి మెట్రో స్టేషన్ మెట్లెక్కి, పైన ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఊరికే కింది రోడ్డు వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఎర్రటి 'ఎల్' బోర్డు అంటించుకున్న చిన్న తెల్లకారు ఒకటి రోడ్డు మధ్యలో ఆగిపోయి ఉంది. దాని వెనక సిటీ బస్సు, బస్సు వెనక ఆటోలు, ఆటోల సందుల్లో మోటారు సైకిళ్లు, అందరి హారన్లూ ఒకేసారి. కారు ఒకటి రెండుసార్లు దగ్గి, ఉన్నట్టుండి ముందుకు ఉరికింది. ఎదురుగా ఒకాయన నెత్తిన పరుపు పెట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. అంతే, నా కుడికాలు నన్నడక్కుండానే ముందుకు చాచుకుని నేలను గట్టిగా తొక్కేసింది. నేల అనుకున్నాను గానీ అది పక్కనున్న పెద్దమనిషి బూటు. "అరే, ఏందమ్మా!" అని ఆయన అదిరిపడ్డాడు. కింద కారు ఆగింది. పరుపాయన దాన్ని నాలుగు తిట్లు తిట్టి దాటి వెళ్లిపోయాడు. నేను లైసెన్సుల పని మీద ఖైరతాబాద్ పోవాల్సి ఉంది. రైలెక్కి అక్కడ దిగేదాకా నా కుడికాలు నేలను తొక్కుతూనే ఉంది. ఆ కారు మాది కాదు, అందులో ఉన్నవాళ్లెవరో నాకు తెలియదు. అయినా అంతే. నా వయసు ఆడవాళ్లు షుగరుకీ మోకాళ్లకీ కోడళ్లకీ భయపడతారు. నేను ఎవరెవరి కాళ్లకో, ఆ కాళ్ల కింద ఉన్న బ్రేకులకో భయపడుతూ బతికాను. ఈ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, మా మేనత్త పెట్టిన భిక్ష.

మా మేనత్త నాంపల్లిలో ఆడవాళ్ల కోసం డ్రైవింగ్ స్కూలు నడిపేది. స్కూలంటే రైల్వే స్టేషన్‌కి కాస్త ఇవతల, ఫొటో ఫ్రేములు కట్టే దుకాణం పైన ఒక గది, ఒక పాత కారు, అంతకంటే పాతదైన ఇంకో కారు. గదిలో ఎప్పుడూ కింది దుకాణం వార్నిష్ వాసన, పక్క ఇరానీ హోటల్ చాయ్ వాసన కలిసి ఉండేవి. రైళ్ల రాకపోకలు మూడు భాషల్లో చెప్పే గొంతు కిటికీలోంచి వినబడేది, క్లాసుల వేళలు మేము గోడగడియారం కంటే దాన్ని బట్టే ఎక్కువ పట్టుకునేవాళ్లం. మా మామయ్య ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో గుమస్తా, ఆయనకు జీవితాంతం సైకిల్ తప్ప ఏదీ రాలేదు. అత్త మాత్రం నలభై దాటాక, ఎవరో వద్దన్నారన్న పంతంతో కారు నేర్చుకుంది. మామయ్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని చార్మినార్ దాకా తీసుకెళ్లి తీసుకొచ్చిన రోజున ఆయన ఇంటికి రాగానే దేవుడి గదిలోకి వెళ్లి చాలాసేపు బయటకు రాలేదని మా నాన్న చెప్పి నవ్వేవాడు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. నేర్పే కారులో బ్రేకు రెండు చోట్ల ఉంటుంది. కుడివైపు స్టీరింగ్ ముందు ఒకటి, నేర్చుకునేవాళ్లకు. ఎడమ సీటు ముందు ఇంకొకటి, నేర్పేవాళ్లకు. శిష్యురాలు కంగారుపడి బ్రేకు మరిచిపోతే గురువు తన కాలితో కారు ఆపాలి. ఎడమ సీటులో కూర్చున్న మనిషికి స్టీరింగ్ ఉండదు, చేతులు ఖాళీ, నోరూ అదుపులో ఉంచుకోవాలి. ఉండేదల్లా ఆ కాలు. నేర్పడమంటే ఆ కాలు ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో తెలియడమేనని అత్త అనేది. వినడానికి తేలిక. ఆ సీట్లో కూర్చుని, ఆబిడ్స్ పోస్టాఫీసు సర్కిల్‌లో ఎదురుగా వస్తున్న బస్సును చూస్తూ, పక్కనున్నావిడ ఏ పెడలు తొక్కబోతోందో ఊహిస్తూ కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది అది ఎంత తేలికో.

టీచర్లను ఎంచుకోవడంలో అత్తది వింత పద్ధతి. ధైర్యంగా, చలాకీగా నేర్చుకున్నవాళ్ల జోలికి పోయేది కాదు. బాగా భయపడి, ఏడ్చి, రెండుసార్లు మానేసి, మళ్లీ వచ్చినవాళ్లనే ఎంచుకునేది. "భయం లేనోళ్లు పక్కోళ్ల భయాన్ని జూసి నవ్వుతరు. గసొంటోళ్లకు నా కారియ్య" అనేది. ఆ లెక్కన నేను మొదటి రోజే ఎంపికైపోయానని నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పట్లో నేను పెళ్లై, పిల్లలు బడికి పోతే పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే మనిషిని. అత్త ఒకరోజు వచ్చి చూసి, "ఇంట్ల కూసోని గోడలకు భయపడుడెందుకే, రోడ్డు మీదికొచ్చి భయపడు, జర గాలన్న తగుల్తది" అని లాక్కెళ్లింది. ఆ స్కూల్లో అందరికంటే ఎక్కువ కాలం నేర్చుకున్నది నేనే. బయటివాళ్ల క్లాసులన్నీ అయ్యాక, తన పెట్రోలు పోసుకుని, ఒళ్లు అలిసిపోయి ఉన్నా నన్ను ఎక్కించుకుని తిప్పేది. ఒక్కరోజు కూడా "ఇంకెన్నాళ్లే" అని అడగలేదు. నన్ను టీచర్ని చేస్తానన్నప్పుడు మా ఇంట్లో అందరూ నవ్వారు. మొదట నవ్విందాన్ని నేనే.

సాయంత్రం చీకటి పడకముందే క్లాసులు ముగిసేవి. అప్పుడు గదిలో చాప పరిచి, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి, అత్త అందరి చేతుల్లో డైరీలు పెట్టేది. అవి ఎవరో మందుల కంపెనీ వాళ్లు పంచగా మిగిలిన పాత డైరీలు. ఏ సంవత్సరానివో, పైన సోమవారం అని ఉంటే ఆ రోజు గురువారం అయ్యుండేది. "తారీఖు తప్పైతే ఏమాయె, భయం కరెక్టే కదా" అనేది. అందులో రాయాల్సింది ఒక్కటే. ఈ రోజు ఎక్కడ భయపడ్డాను, అప్పుడు నా కాలు ఏం చేసింది. నీతులు రాయకూడదు, శిష్యురాలి తప్పులు రాయకూడదు. ఒకరిది ఒకరు చదవకూడదు. అత్త కూడా మాతో పాటు కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, పెదాలు కదుపుతూ రాసేది. మొదట్లో నాకు ఇదంతా చిన్నపిల్లల కాపీరాత లాగా అనిపించి, గబగబా నాలుగు ముక్కలు గీకి బిస్కెట్ల మీద పడేదాన్ని. పోనుపోనూ, పగలంతా ముద్దగా, పేరు లేకుండా ఉన్న భయం, రాసేసరికి ఏదో ఒక మలుపు దగ్గరో, ఏదో ఒక ఆటో ముందో నిలబడి కనబడేది. అయినా పోయేది కాదు.

నా డైరీలో మాత్రం ఏ రోజు చూసినా ఒకటే రాత. 'భయపడ్డాను. నా కాలు బ్రేకు తొక్కింది.' స్టేషన్ మలుపులో తొక్కింది. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీం తింటూ అడ్డమొచ్చిన కుటుంబాన్ని చూసి తొక్కింది. ఎదురుగా ఏమీ లేకపోయినా, ఏదైనా వస్తుందేమోనని తొక్కింది. నా కాలు ఎడమ సీటు బ్రేకు మీదే కాపురం పెట్టింది. నా దగ్గర నేర్చుకునేవాళ్లు నేను పక్కనుంటే చక్కగా నడిపేవాళ్లు, ఎందుకంటే వాళ్లు నడపడమే గానీ ఆపడం నేను చేసేదాన్ని. అత్త నడిపించేటప్పుడు చివరి క్లాసుకి ఒక ఆచారం ఉండేది. ఆ రోజు శిష్యురాలు నాంపల్లి నుంచి తన ఇంటిదాకా తానే కారు తీసుకెళ్లాలి. ఇంట్లోవాళ్లు గుమ్మం బయట నిలబడి ఎదురుచూడాలి. బయల్దేరే ముందు అత్త చెప్పులు విడిచి, కాళ్లు రెండూ పైకి తీసుకుని, సీట్లో బాసిపట్లు వేసుకుని కూర్చునేది, చీర కుచ్చెళ్లు మోకాళ్ల కింద సర్దుకుని, భోజనానికి కూర్చున్నట్టు. "చూస్కో బిడ్డా, నా కాళ్లు గీడున్నయ్. బ్రేకు ఒక్కటే, అది నీదే" అనేది. ఆ మాట వినగానే ఆడవాళ్ల ముఖాలు పాలిపోవడం నేను వెనక సీట్లోంచి ఎన్నోసార్లు చూశాను. నేను మాత్రం ఎన్నడూ కాళ్లు ముడుచుకోలేదు. నా శిష్యురాళ్ల చివరి క్లాసు అత్తే తీసుకునేది.

అలా జరిగిపోతుండగా మెట్రో తవ్వకాలు వచ్చాయి. ఇప్పుడు పైన రైళ్లు నడుస్తుంటే మరిచిపోయాం గానీ, ఆ రోజుల్లో నాంపల్లి రోడ్డు రోడ్డులా ఉండేది కాదు. మధ్యలో పొడుగునా నీలిరేకుల గోడ, దాని అవతల ఇల్లు పట్టేంత గుంతలు, పైన క్రేన్లు. వాహనాలకు మిగిలింది అటొక సందు, ఇటొక సందు. గాలికి రేకులు దడదడమని కొట్టుకునేవి, వాన పడితే ఎక్కడ రోడ్డు ఉందో ఎక్కడ లేదో తెలిసేది కాదు. నిన్న ఉన్న దారి ఇవాళ ఉండేది కాదు. ఆ సందుల్లో స్టీరింగ్ రానివాళ్లను కూర్చోబెట్టి నడిపించాలి మేము. నాకు రాత్రిళ్లు కలల్లో కూడా ఆ రేకుల చప్పుడే. మాతో ఉన్న ఇంకో టీచరమ్మ ఒక వానరోజు కారు దిగి, తాళాలు బల్ల మీద పెట్టి, "నా పిల్లలకు నేను గావాలె అక్కా" అని వెళ్లిపోయింది. అత్త ఆమెను ఆపలేదు. మిగిలింది మేమిద్దరం.

ఒకరోజు అత్త ఒక లెక్చరరమ్మను ఎక్కించుకుని వెళ్లి, గంటలో రావాల్సింది ముందే వచ్చేసింది. మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, ఎంతసేపూ తన కుడిపాదం వైపే చూసుకుంటోంది. నేను చాయ్ ఇస్తే తాగలేదు. సాయంత్రం డైరీలో రాసుకుంది. రాశాక, ఎన్నడూ లేనిది, కళ్లజోడు సర్దుకుని నాకు చదివి వినిపించింది. "ఈ దినం గుంత కాడ బ్రేకు తొక్కిన. తొక్కిన అనుకున్న. వంగి చూస్తే కాలు బ్రేకు పక్కన ఉత్త నేల మీదున్నది. గా పిల్ల తనంత తానే ఆపుకున్నది. నా కాలుకు ఏం ఎరుకలేదు." అత్తకు ఏళ్లుగా షుగరు. పాదాలు మొద్దుబారుతున్నాయని డాక్టరు అన్న సంగతి మాకు తెలుసు, చెప్పులు జారిపోతున్నా ఆమెకు తెలియకపోవడం చూసి నవ్వుకున్నాం కూడా. నాకు ఆ గుంత కళ్లముందు కనబడింది, అందులో కారు కనబడింది.

"రేపటి సంది నేను ఎడమ సీట్ల కూసోను" అంది అత్త, కూరగాయలు తేవడం మానేస్తాను అన్నంత మామూలుగా. "నువ్వు కూసుంటవ్. కాళ్లు ముడుసుకునుడు కూడ నీదే. నీతోని గాకపోతే చెప్పు, బోర్డు దింపుకుందాం. ఆపుడు రానోళ్లను రోడ్డు మీదికి తోలే ఇస్కూలు నాకొద్దు." అందులో బెదిరింపు లేదు, కోపం లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. ఆమె నా కోసం కాల్చిన పెట్రోలు, ఒళ్లు నొప్పులు, సాయంత్రాలు అన్నీ కలిపి ఆ ఒక్క మాటలో నా ముందు పెట్టినట్టయింది. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ ప్రతి బస్సునూ చూసి గోడకు జరిగాను.

అప్పుడు నా దగ్గర నేర్చుకుంటున్నావిడ ఉస్మాన్‌గంజ్ నుంచి వచ్చేది. మాకు చుట్టమేమీ కాదు, నాకంటే పెద్దది కాబట్టి వదినా అనేదాన్ని. వాళ్లది తాళ్లు, గోనెసంచుల హోల్‌సేల్ కొట్టు. కొట్టు మీదే ఇల్లు. ఇంటి ముందు కారు ఉండేది, నడిపేది వాళ్లాయనే. ఒక మధ్యాహ్నం కొట్టులోనే ఆయనకు గుండెనొప్పి వచ్చింది. కారుంది, నడిపేవాడే నేల మీద పడి ఉన్నాడు. సందులో లారీలు అటూ ఇటూ ఇరుక్కుని ఆటో కూడా లోపలికి రాలేదు. "మూటలేసే తోపుడు బండి లేదా మేడం, దాని మీద పండవెట్టి హమాలోళ్లు ఉరుక్కుంట తోలుకపోయిన్రు దవాఖానకు. నేను ఎంబడి చెప్పుల్లేకుంట ఉరికిన" అని మొదటిరోజే చెప్పింది. ఆయన బతికాడు. కానీ డాక్టరు మళ్లీ రావచ్చన్నాడట. "మల్లొస్తదంట. ఎప్పుడొస్తదో చెప్పరంట. గంతే, నాకు కారు నేర్పియ్యుండ్రి." ప్రతి క్లాసులోనూ ఏడ్చేది. ఏడుస్తూనే గేరు మార్చేది. ఆమె వెనక తోపుడు బండి ఎప్పుడూ వస్తున్నట్టే ఉండేది.

అత్త వెనక సీట్లో కూర్చుని మమ్మల్నిద్దరినీ కొన్ని రోజులు చూసి, "ఆమె తయారైంది. రేపు ఇంటికి తోలుకపోతది. నువ్వు కాళ్లు ముడుసుకో" అంది. నేను ఆమె తయారు కాలేదన్నాను. ఆబిడ్స్‌లో కంగారు పడుతోందన్నాను, హారన్ కొట్టడానికి సిగ్గుపడుతోందన్నాను. అన్నీ నిజాలే. "ఆమె తయారు గాలేదా, నువ్వు గాలేదా?" అంది అత్త. ఆ మర్నాడు పొద్దున నేను వంటింట్లో పాలు పొంగించి, స్టవ్ ముందు నిలబడి, నాకు జ్వరం వస్తే బాగుండునని నిజంగా కోరుకున్నాను. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను కూడా. చల్లగా ఉంది.

బయల్దేరే ముందు ఉస్మాన్‌గంజ్‌కి ఫోన్ చేసి, వస్తున్నామని, గుమ్మం బయట ఉండమని వాళ్లాయనకు చెప్పాం. నేను చెప్పులు విడిచాను. కాళ్లు పైకి తీసుకున్నాను. వదిన నా కాళ్ల వైపు చూసి, "అట్ల గూసోకుండ్రి మేడం, నాకు భయమైతది" అంది. నాకూ అవుతోందని చెప్పాలనుకున్నాను, కానీ వెనక అత్త ఉంది. అత్త వెనక ఉందన్నదే నాకున్న ధైర్యం కూడా. నాంపల్లి సందులోంచి, రేకుల గోడకు బెత్తెడు దూరంలో కారు కదిలింది. నా కుడికాలు ఎడమ తొడ కింద నలుగుతూ ప్రతి మలుపులో కిందికి దిగాలని చూసింది. ఆబిడ్స్ పోస్టాఫీసు దగ్గర ముందున్న బస్సు చెప్పాపెట్టకుండా ఆగింది. నేను కళ్లు మూసుకోబోయాను. కారు ఆగింది. ఒక్క కుదుపు, అంతే. ఆపింది నేను కాదని అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. వదినకైతే ఇంకా ఎక్కువే పట్టింది, ఆమె నా కాళ్ల వైపు అనుమానంగా చూసింది. చెప్పుల కొట్ల ముందు పిల్లను ఎత్తుకుని దాటుతున్న ఒకావిడ మమ్మల్ని చూసి, ఆగమని చెయ్యి ఎత్తి దాటిపోయింది. మొజంజాహీ మార్కెట్ మలుపు తిరిగాం. చెమటతో నా జాకెట్టు వీపుకు అంటుకుపోయింది.

అసలు భయం ఉస్మాన్‌గంజ్ సందులో ఎదురైంది. రెండువైపులా మూటల గుట్టలు, మధ్యలో ఒక్క కారు పట్టేంత దారి. మేము సగం దూరం వెళ్లేసరికి ముందున్న సరుకు లారీ ఒకటి వెనక్కి రావడం మొదలుపెట్టింది. క్లీనరు దాని పక్కన నడుస్తూ, మా వైపు చూడకుండానే, లారీ గోడను చేత్తో కొడుతూ "ఆనే దో, ఆనే దో" అని డ్రైవరును ఇంకా వెనక్కి రమ్మని కేకేస్తున్నాడు. వదిన కారు ఆపింది. ఆపింది గానీ అక్కడే బిగుసుకుపోయింది. మా వెనక ఆటో, ఆటో వెనక తోపుడు బళ్లు, పోవడానికి దారి లేదు. లారీ వెనక భాగం, ఇనుప కొక్కేలు, వేలాడుతున్న తాడు, అన్నీ అద్దం మీదికి పెద్దవవుతూ వస్తున్నాయి. చేయాల్సిందల్లా హారన్ మోగించడం. కారు ఆగే ఉందని తెలిసినా, నేను ఇక ఉండలేక బ్రేకు కోసం కాలు కిందికి లాగాను. రాలేదు. నాంపల్లి నుంచి ముడుచుకునే ఉన్న ఆ కాలు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది. చేత్తో పట్టుకుంటే నా కాలే అయినా వేరెవరిదో పట్టుకున్నట్టుంది. పాదం ఎక్కడుందో, వేళ్లు ఎక్కడున్నాయో ఏమీ తెలియలేదు. గుంత దగ్గర మా అత్తకు ఏమయిందో నాకు అప్పుడు తెలిసింది. ఆ భయం ముందు నా జీవితంలో పడిన భయాలన్నీ ఆటలే. కారులో నేను లేను. నా చెయ్యి హారన్ దాకా పోవాలన్న ఆలోచన కూడా రాలేదు. ఉన్నది వదిన ఒక్కతే.

వదిన ఏం చూసిందో, నా ముఖమే చూసిందేమో, ఒక్కసారిగా అరచెయ్యి మొత్తం హారన్ మీద పెట్టి తియ్యలేదు. ఇంకో చేత్తో అద్దం దించి, తల బయటపెట్టి, సందంతా వినబడేలా అరిచింది. "ఏయ్ భాయ్! ఆగు! లోపల మనుషులున్నరు, కనబడ్తలేదా? మూటలనుకుంటున్నవా ఏంది మమ్మల్ని!" క్లీనరు ఉలిక్కిపడి లారీని దబదబా బాదాడు. లారీ ఆగింది. మా బానెట్‌కీ దాని కొక్కేలకూ మధ్య ఎంత జాగా మిగిలిందో నేను చూడలేదు, చూడగలిగే స్థితిలో లేను. మూటల మీద కూర్చున్న హమాలీలు ఆమెను గుర్తుపట్టి, "సేటమ్మా! నువ్వేనా నడిపేది?" అని కిందికి దిగివచ్చి లారీవాడిని ముందుకు తోలించారు. ఆ రోజు వాళ్లాయనను బండి మీద తోసుకుంటూ పరుగెత్తినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారని వదిన తర్వాత చెప్పింది. వాళ్లు కారు ముందు నడుస్తూ దారి చేస్తుంటే, వదిన మొదటి గేర్లో, ఏడవకుండా, కారును ఇంటి ముందుకు తెచ్చి ఆపింది. చేతి బ్రేకు లాగి, తాళం తీసి, అప్పుడు ఏడ్చింది.

వాళ్లాయన గుమ్మం ముందు స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉన్నాడు. బక్కచిక్కిన మనిషి. భార్య దిగి వస్తుంటే ఆమెను కాదు, కారు చుట్టూ తిరిగి చూసి, "యాడ తాకలేదా?" అని అడిగి, తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నేను నా కాలును రెండు చేతులతో ఎత్తి కిందికి దింపుకుంటున్నాను, చీమలు పాకుతున్నట్టు ప్రాణం తిరిగి వస్తోంది. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అత్త కళ్లు మూసుకుని, తల సీటుకి ఆనించి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇక్కడ మా ప్రాణాలు గొంతులోకి వస్తే ఈమె హాయిగా నిద్రపోయింది అనుకుని, "అత్తా! లే, వచ్చినం" అన్నాను విసురుగా. అత్త కళ్లు తెరిచింది. "నిద్రెక్కడిదే. స్టేషన్ దాటినప్పటి సంది భయమైతుంటే కండ్లు మూసుకున్న" అంది. చూస్తే రెండు చేతులూ ముందు సీటు వెనక భాగాన్ని పట్టుకుని ఉన్నాయి, వేళ్లు తెల్లబడి. ఆమె ధైర్యాన్ని నమ్ముకుని నేను కాళ్లు ముడుచుకుంటే, ఆమె కళ్లు ముడుచుకుని కూర్చుంది. వదిన వాళ్లింట్లో పెట్టిన సేమ్యా పాయసం మా ముగ్గురిలో ఎవరి గిన్నెలోనూ వణక్కుండా నిలవలేదు. మొదట నవ్వింది వాళ్లాయన. గుండె జబ్బు మనిషి అలా నవ్వొచ్చా అని మేము మళ్లీ భయపడ్డాం.

ఆ సాయంత్రం డైరీలో నేను రాసింది నాకు గుర్తుంది. 'ఈ రోజు నాకు కాలు లేదు. కారు ఆగింది.' అంతకుమించి ఏం రాయాలో తెలియలేదు. అత్త ఆ తర్వాత కారెక్కలేదు. స్కూలు బోర్డు దింపలేదు. వదిన వాళ్లాయనకు మళ్లీ నొప్పి వచ్చినప్పుడు, వచ్చింది కూడా, ఆమె తానే దవాఖానకు తీసుకెళ్లి, అక్కడ్నుంచి నాకు ఫోన్ చేసి, "ఆపిన మేడం, మంచిగ ఆపిన" అని మాత్రం చెప్పి పెట్టేసింది. ఇప్పుడు ఆమె మా స్కూల్లో టీచరు. భయస్తుల్లో పెద్ద భయస్తురాలు కాబట్టి నేనే అడిగాను. ఇంకో ఇద్దరు ఉన్నారు, వాళ్లూ ఏడ్చి మానేసి తిరిగొచ్చినవాళ్లే. వాళ్లకు నేర్పేసరికి నా మోకాళ్లు అరిగాయి. అత్త షుగరు ముదిరి, మంచంలోనే, మా అందరి మధ్యా పోయింది. ఆమె డైరీలన్నీ బీరువాలో ఉన్నాయి. ఒకరిది ఒకరు చదవకూడదన్నది ఆమె పద్ధతే కాబట్టి నేను విప్పలేదు.

అత్త కారెక్కడం మానేశాక ఆఖరి సంవత్సరాల్లో, నేను క్లాసు ముగించుకుని వచ్చి పైకి చూస్తే, ఎప్పుడూ కిటికీ దగ్గరే నిలబడి కనబడేది. పక్కన చాయ్ చల్లారి మీగడ కట్టి ఉండేది. హాయిగా కూర్చోక ఆ పాదాల మీద నిలబడటమెందుకని కోప్పడేదాన్ని, రోడ్డు చూసి పొద్దుపుచ్చుకుంటోంది అనుకునేదాన్ని. పోయినేడు మోకాళ్ల వల్ల నేనూ ఎడమ సీటు వదిలేశాను. ఇప్పుడు మూడు కార్లు మూడు దిక్కులకు పోతాయి, మూడింటిలోనూ నేను పెంచిన మనుషులే, ఒక్కదాంట్లోనూ నా కాలు లేదు. క్లాసు అప్పుడూ గంటే, ఇప్పుడూ గంటే. కారులో ఉన్నప్పుడు ఆ గంట గంటలాగే గడిచిపోయేది. కిటికీ దగ్గర నిలబడితే అది ఎంతసేపో మా అత్త నాకు ఒక్కనాడూ చెప్పలేదు.